బొగ్గు నేల చరిత్ర – 14వ భాగం: సభలో బస్తా ధర

గత భాగంలో రామగుండం ఎరువుల కర్మాగారం పుట్టుక చూశాం. సింగరేణి బొగ్గు, గోదావరి నీళ్ళు, గాలిలోని నత్రజని ఈ మూడింటి నుంచి యూరియా తీసే ఆ కర్మాగారం 1980 నవంబరు 1న వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. సరే, బస్తా తయారైంది. దానికి ధర కట్టిందెవరు? ఆ ప్రశ్న వెంట మన కథ ఈసారి గోదావరిఖని దాటి ఢిల్లీకి, హైదరాబాద్‌కు వెళ్తుంది.

బాయిలో బొగ్గు తీసేవాళ్ళకూ, మళ్ళలో వడ్లు పండించేవాళ్ళకూ చట్టసభతో రెండు రకాల సంబంధం ఉంది. వాళ్ళ కష్టాన్ని మెచ్చుకుంటూ సభ ప్రకటనలు చేస్తుంది, తీర్మానాలు ఆమోదిస్తుంది. వాళ్ళు అమ్మేదానికీ కొనేదానికీ ప్రభుత్వం ధర నిర్ణయిస్తే ఆ ధరను ప్రశ్నించాల్సింది కూడా సభే. ఈ నేలలో ఆ రెండు సంబంధాలూ ఒకే ఇంట్లో కనిపిస్తాయి. బాయి పనికి వచ్చినవాళ్ళలో చాలామంది చుట్టుపక్కల పల్లెల రైతుబిడ్డలే. తండ్రి షిఫ్టుకు పోతే ఊళ్ళో అన్నదమ్ములు నాట్లు వేయించిన కుటుంబాలు ఎన్నో. బొగ్గు ధర, ఎరువు ధర, వడ్ల ధర, ఈ మూడూ ఆ ఇంటి లెక్కలోకి వచ్చినవే. మూడూ చాలాకాలం ఢిల్లీలో ఖరారైనవే.

రెండు వారాల్లో దిగొచ్చిన ధర

1991 జూలై 24. అప్పట్లో కేంద్ర బడ్జెట్‌ను సాయంత్రం ఐదు గంటలకు ప్రవేశపెట్టేవారు. ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ లోక్‌సభలో లేచారు. విదేశీ మారక నిల్వలు అడుగంటాయి. ఆ నెల మొదట్లోనే రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించారు. ఆనాటి బడ్జెట్ గురించి రాసినవాళ్ళు సాధారణంగా పరిశ్రమల గురించి, లైసెన్సుల గురించి రాస్తారు. పల్లెల్లో మాత్రం ఆ రాత్రి రేడియో విన్నవాళ్ళకు చెవిన పడ్డ మాట ఒకటే: ఎరువుల ధర సగటున 40 శాతం పెంపు.

అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు. గోదావరిఖనికి దిగువన, అదే గోదావరి ఒడ్డున ఉన్న మంథనికి 1957 నుంచి 1977 దాకా ఎమ్మెల్యేగా ఉన్న మనిషి. ముఖ్యమంత్రిగా భూపరిమితి కోసం పట్టుబట్టినవాడు. మంథని రైతుకు ఎరువు బస్తా ఎంత బరువో ఆయనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ఎరువు మీదే ఆయన ప్రభుత్వం పెద్ద పెంపు ప్రకటించాల్సి వచ్చింది.

ప్రభుత్వం వాదన ఇది. యూరియా ధర 1981లో టన్నుకు 2,350 రూపాయలు. 1983లో 2,150కి తగ్గించి, 1986లో మళ్ళీ 2,350కి తెచ్చారు. పదేళ్ళలో అన్నిటి ధరలూ పెరిగాయి, యూరియా ధర మాత్రం బయల్దేరిన చోటే ఉంది. ఆ తేడా అంతా ఖజానా భరిస్తోంది. 1990–91లో ఎరువుల సబ్సిడీ నాలుగు వేల కోట్లు దాటింది. వడ్లు, గోధుమల మద్దతు ధర ఈ పదేళ్ళలో పెంచుతూనే వచ్చాం కదా, ఎరువుకు కొంత ఎక్కువ కట్టలేరా అన్నది వాళ్ళ ప్రశ్న.

సభలో దీనికి ఎదురుదెబ్బ గట్టిగానే తగిలింది. ప్రతిపక్షాలు ఒప్పుకోలేదు. అధికారపక్షం సభ్యులే ఎందరో ఒప్పుకోలేదు. ఆ ప్రభుత్వానికి సొంత మెజారిటీ లేదు, కాబట్టి సభలో ప్రతి గొంతుకూ విలువ ఉంది. దుకాణదారు సరుకు ఖర్చు పెరిగితే తన ధర పెంచుకుంటాడు, రైతు తన ధర తాను కట్టుకోలేడు కదా అన్నదే రైతు పక్షం మాట్లాడినవాళ్ళ వాదనకు ప్రాణం. పైగా పెంపు వానాకాలం నాట్ల నడుమ వచ్చింది.

ఆగస్టు మొదటి వారంలో ప్రభుత్వం దిగొచ్చింది. 40 శాతం పెంపు 30 శాతం అయ్యింది. సన్న, చిన్నకారు రైతులకు పెంపు నుంచి మినహాయింపు ప్రకటించారు. టన్ను యూరియా జూలై 25న 3,300 రూపాయలైంది, ఆగస్టు 14 నుంచి 3,060కి తగ్గింది. 50 కిలోల బస్తా లెక్కలో చెప్పుకుంటే 117 రూపాయల 50 పైసల బస్తా 165కు ఎగబాకి, 153 దగ్గర ఆగింది.

ఆ పన్నెండు రూపాయలను చిన్నగా చూడకూడదు. ఒక ఆర్థికమంత్రి దేశం దివాలా అంచున ఉందని చెప్పి పెంచిన ధరను ప్రజాప్రతినిధులు వాదించి, రెండు వారాల్లో తగ్గించగలిగారు. సభ తలుచుకుంటే ఏం చేయగలదో చెప్పడానికి మన కాలంలో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

చిన్న రైతుల మినహాయింపు మాత్రం ప్రకటించినంత తేలిగ్గా అమలు కాలేదు. దుకాణంలో బస్తా మీద రైతు పేరు ఉండదు. ఎవరు రెండెకరాల వాడు, ఎవరు ఇరవై ఎకరాల వాడు అని తేల్చేది ఎవరు? ఆ పని రాష్ట్రాల మీద పడింది. ఒకే సరుకుకు రెండు ధరలు పెడితే ఏమవుతుందో ఊళ్ళో అందరికీ తెలిసిందే.

సంయుక్త సంఘం, ఒక పొరపాటు లెక్క

ఎరువుల ధర గొడవ సద్దుమణగక, ఉభయ సభల సభ్యులతో సంయుక్త పార్లమెంటరీ సంఘం వేశారు. దాని అధ్యక్షుడు ప్రతాపరావ్ భోసలే. 1992 ఆగస్టులో ఆ సంఘం నివేదిక ఇచ్చింది. ఫాస్ఫేట్, పొటాష్ ఎరువుల ధరల మీద నియంత్రణ ఎత్తేయమంది. యూరియాను నియంత్రణలోనే ఉంచి ధర 10 శాతం తగ్గించమంది. ఆగస్టు 25న ప్రభుత్వం రెండూ అమలు చేసింది. యూరియా టన్ను 2,760కి దిగింది. డీఏపీ, పొటాష్ ధరలు పైకి ఎగిశాయి.

రైతు ఏం చేస్తాడు? చవకైనది కొంటాడు. 1991–92లో దేశమంతా కలిపి నత్రజని, భాస్వరం, పొటాష్ వాడకం 5.9:2.4:1 నిష్పత్తిలో ఉండేది. ఒక్క ఏడాదిలో అది 9.5:3.2:1 అయ్యింది. పైరు పచ్చగా ఏపుగా కనిపించింది, వేరుకూ గింజకూ కావలసిన బలం తగ్గింది. ఈ నేల మీద యూరియా మోజు అక్కడ గట్టిపడింది. సంఘంలోని సభ్యులు రైతు మేలు కోరే ఆ సిఫార్సు చేశారనడంలో నాకు సందేహం లేదు. కానీ ఒక ఎరువు ధరను వదిలేసి, ఇంకో ఎరువు ధరను పట్టి ఉంచితే మట్టి ఏమవుతుందన్న లెక్క ఆ నిర్ణయంలో సరిగ్గా పడలేదు. ఆ పొరపాటును దిద్దే పెద్ద వాదన తర్వాత ముప్పై ఏళ్ళలో సభలో జరగనే లేదు.

ధర ఉండి కూడా బతకని కర్మాగారం

రైతు చెల్లించే ధర ఒకటి, కర్మాగారానికి అందే ధర మరొకటి. 1977 నవంబరు నుంచి కేంద్రం ‘రిటెన్షన్ ప్రైస్’ పద్ధతి పెట్టింది. ప్రతి కర్మాగారానికీ దాని ఖర్చును బట్టి వేరువేరు ధర, పెట్టుబడి మీద 12 శాతం లాభం. రైతు ధరకు, ఆ ధరకు మధ్య తేడా సబ్సిడీగా వస్తుంది. వినడానికి ఏ కర్మాగారానికీ నష్టం రాని ఏర్పాటులాగే ఉంది. కానీ అందులో ఒక షరతు ఉంది. కర్మాగారం తన సామర్థ్యంలో కనీసం 80 శాతం ఉత్పత్తి చేస్తుందని అనుకుని ఆ ధర లెక్కిస్తారు. అంతకు తగ్గితే నష్టం కర్మాగారానిదే.

రామగుండం అక్కడ దెబ్బతింది. ఒడిశాలోని తాల్చేర్‌తో కలిపి ఇవి రెండూ బొగ్గుతో నడిచే జంట కర్మాగారాలు. ఏడాదికి దాదాపు 5 లక్షల టన్నుల యూరియా తీసేలా కట్టారు. బొగ్గును మెత్తగా పొడి చేసి, ఆక్సిజన్, ఆవిరితో కలిపి బట్టీలో మండిస్తే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ కలిసిన వాయువు వస్తుంది. దాన్ని శుద్ధి చేసి నత్రజనితో కలిపితే అమ్మోనియా, అమ్మోనియాకు బొగ్గుపులుసు వాయువు చేర్చితే యూరియా. కాగితం మీద సులువుగానే ఉంది. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. బట్టీలు మాటిమాటికీ ఇబ్బంది పెట్టాయి. కరెంటు ఒక్క నిమిషం పోయినా ఆ వరస అంతా ఆగిపోయేది. మళ్ళీ అన్నీ ఒక దారికి తేవడానికి ఎంతో సమయం పట్టేది. పక్కనే విద్యుత్ కేంద్రాలు ఉండి కూడా కరెంటు స్థిరంగా అందని రోజులు ఆ కర్మాగారం చరిత్రలో ఉన్నాయి.

కర్మాగారం అనుకున్న సామర్థ్యానికి ఎన్నడూ చేరలేదు. ధర లెక్క 80 శాతానికి, ఉత్పత్తి అంతకు చాలా తక్కువ. ఏటా నష్టం మీద నష్టం. దాని మాతృసంస్థ భారత ఎరువుల సంస్థ (ఎఫ్‌సీఐ) 1992లో, ఖాయిలా పడ్డ సంస్థల సంగతి తేల్చే బీఐఎఫ్ఆర్ గడప ఎక్కింది. 1999లో రామగుండంలో ఉత్పత్తి ఆగిపోయింది. 2002లో కేంద్రం ఆ సంస్థ యూనిట్లన్నీ మూసేయాలని నిర్ణయించింది. ఎఫ్‌సీఐ క్రాస్‌రోడ్స్ అని ఇవాళ్టికీ బస్సు కండక్టర్లు పిలిచే చోట, ఒక తరం కార్మికులు స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెట్టి ఇళ్ళకు వెళ్ళారు.

సింగరేణిదీ ఆ రోజుల్లో అదే అవస్థ. బొగ్గు ధర కట్టేది ఢిల్లీ, నష్టం పడేది కొత్తగూడెంలోని సంస్థ లెక్కల్లో. 1990ల్లో సింగరేణి కూడా బీఐఎఫ్ఆర్ దాకా వెళ్ళి వచ్చింది. బొగ్గు ధర మీద కేంద్రం పట్టు విడతలుగా సడలింది. 2000 జనవరి 1 నుంచి ధర నిర్ణయం బొగ్గు సంస్థల చేతికి వచ్చింది. ఆ రోజుల్లోనే సింగరేణి లాభాల గురించి, కార్మికుల వాటా గురించి మాట్లాడుకోవడం మొదలైంది.

వడ్ల లెక్కలో యూరియా

రైతు బస్తా ధరను రూపాయల్లో గుర్తుపెట్టుకోడు. ఇన్ని వడ్లు అమ్మితే ఇంత ఎరువు అని గుర్తుపెట్టుకుంటాడు. ఆ లెక్క ఒకసారి చేద్దాం. సాధారణ రకం వడ్ల మద్దతు ధర 1990–91లో క్వింటాలుకు 205 రూపాయలు. ఒక బస్తా యూరియాకు 57 కిలోల వడ్లు కావాలి. పెంపు తర్వాత 1991–92లో మద్దతు ధర 230. బస్తాకు 66 కిలోల పైనే. మరుసటి ఏడాది యూరియా తగ్గి, మద్దతు ధర 270 అయ్యేసరికి 51 కిలోలు. 1994–95లో ధర 340, యూరియా బస్తా 166, అంటే 49 కిలోలు.

ఇప్పుడు 2025–26కి రండి. మద్దతు ధర 2,369. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. పాత 50 కిలోల కొలతలో చూసినా పన్నెండున్నర కిలోల వడ్లు అమ్మితే ఆ బస్తా వస్తుంది. యూరియా ధర 2012 నుంచి టన్నుకు 5,360 రూపాయల దగ్గర ఆగిపోయింది. పన్నుల్లో, వేపపూత ఖర్చులో వచ్చిన మార్పులు తప్ప కదలలేదు.

మరి రైతుకు బరువు తగ్గిందా? లేదు. కూలీ, డీజిల్, విత్తనం, మందులు, కౌలు అన్నీ పెరిగాయి. ప్రభుత్వం ధర కట్టని చోటల్లా బరువు పెరిగింది. మద్దతు ధర కూడా కాగితం మీద కనిపించినంతగా చేతికి అందదు. పెద్దపల్లి జిల్లాలో ఏ ఐకేపీ కొనుగోలు కేంద్రానికైనా కోతల రోజుల్లో వెళ్ళి చూడండి. వడ్ల కుప్ప పక్కన తేమ మీటరు పట్టుకుని నిలబడతారు. 17 శాతం దాటితే ఎండబోసుకోవాలి. తాలు తీయాలి. కాంటా రోజు కోసం ఎదురుచూడాలి. అంతలో మబ్బు పట్టిందంటే టార్పాలిన్ పట్టాల కోసం ఉరుకులే. మిల్లులో ‘తరుగు’ పేరుతో బస్తాకు కిలో రెండు కిలోలు కోస్తున్నారన్న ఫిర్యాదు ఏ సీజన్‌లోనూ ఆగలేదు. 2,369 అని ప్రభుత్వం చెప్పిన అంకెకూ, రైతు ఖాతాలో పడే అంకెకూ మధ్య ఈ దూరమంతా ఉంది.

ఈ మద్దతు ధర ఏ చట్టంలోనూ లేదు. 1965 జనవరిలో వ్యవసాయ ధరల సంఘంగా పుట్టిన కమిషన్ సిఫార్సు చేస్తుంది, కేంద్ర మంత్రివర్గం నిర్ణయిస్తుంది. సభ ఓటు వేసేది లేదు. సభ్యులు అడిగితే చర్చ, అడగకపోతే లేదు.

మెచ్చుకోలు

ఇక సభలు మనుషుల్ని ఎట్లా మెచ్చుకున్నాయో చూద్దాం. 2019 సెప్టెంబరు 19న తెలంగాణ శాసనసభలో ముఖ్యమంత్రి కేసీఆర్ సింగరేణి కార్మికులకు లాభాల్లో 28 శాతం వాటా ప్రకటించారు. ఒక్కో కార్మికుడికి 1,00,899 రూపాయలు. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో సింగరేణి 64.41 మిలియన్ టన్నుల బొగ్గు తీసింది. రాష్ట్రం వచ్చేనాటికి, 2013–14లో, అది 50.47 మిలియన్ టన్నులు. కార్మికులను సభ ప్రశంసించింది. 2011 సకల జనుల సమ్మెలో బాయిలు ఆపి రాష్ట్రం కోసం నిలబడ్డ కార్మికులకు ఆ ప్రశంస న్యాయంగా దక్కాల్సిందే. ఆ రోజు గోదావరిఖని ఇళ్ళల్లో కలిగిన సంతోషం నిజమైనది. ఎందుకంటే ఆ మెచ్చుకోలు వెనక లాభం లెక్క ఉంది, వాటా లెక్క ఉంది. వట్టి మాట కాదు.

2020 సెప్టెంబరు 8న అదే సభ పి.వి.నరసింహారావుకు భారతరత్న ఇవ్వాలని తీర్మానం ఆమోదించింది. ఆయన శతజయంతి సంవత్సరం అది. మంథని పక్క మనుషులకు గర్వకారణం. సరిగ్గా పన్నెండు రోజులకు, సెప్టెంబరు 20న, రాజ్యసభలో రెండు వ్యవసాయ బిల్లులు మూజువాణి ఓటుతో నెగ్గాయి. రైతు పంట ఎవరికి, ఎక్కడ, ఏ ధరకు అమ్మాలన్న విషయం మీద దశాబ్దాలలో వచ్చిన పెద్ద మార్పు అది. తెలంగాణ నుంచి వెళ్ళిన సభ్యులు వ్యతిరేకించారు. ఓటింగ్ కావాలని ప్రతిపక్షం పట్టుబట్టింది. విభజన ఓటు జరగలేదు. ఏడాది పాటు రైతులు ఢిల్లీ పొలిమేరల్లో కూర్చున్నాక, 2021 నవంబరు 29న ఆ చట్టాలను ఉభయ సభలూ రద్దు చేశాయి. ఆ రోజు సరైన చర్చ జరగలేదు. చట్టం వచ్చినప్పుడూ వాదన సరిగ్గా సాగలేదు, పోయినప్పుడూ సాగలేదు.

ఆ నెలల్లోనే మన యాసంగి వడ్ల గొడవ ముదిరింది. యాసంగి ఎండలకు గింజ పచ్చిబియ్యంగా ఆడిస్తే నూకలు ఎక్కువ వస్తాయి, అందుకే మిల్లులు ఉప్పుడు బియ్యం చేస్తాయి. ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్రం చెప్పేసరికి ఊళ్ళల్లో గుబులు పుట్టింది. తెలంగాణ ఎంపీలు పార్లమెంటులో ప్లకార్డులు పట్టుకున్నారు. 2022 ఏప్రిల్ 11న ముఖ్యమంత్రి కేసీఆర్ ఢిల్లీలో ధర్నా చేశారు. చివరికి రాష్ట్రమే కొంటానని చెప్పింది.

2024 ఫిబ్రవరి 9న కేంద్రం ఒకేసారి ముగ్గురికి భారతరత్న ప్రకటించింది: పీవీ, చౌధరి చరణ్ సింగ్, ఎం.ఎస్.స్వామినాథన్. ముగ్గురి పేర్లూ రైతు ధరతో ముడిపడ్డవే. ఎరువు ధర మీద పార్లమెంటుతో తలపడ్డ ప్రధాని, రైతు రాజకీయానికి పేరైన నాయకుడు, పంట ఖర్చుకు కనీసం 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని జాతీయ రైతు కమిషన్ అధ్యక్షుడిగా చెప్పిన శాస్త్రవేత్త. నాలుగు రోజులకే, ఫిబ్రవరి 13న, పంజాబ్ రైతులు మళ్ళీ ఢిల్లీ దారి పట్టారు. వాళ్ళు అడిగింది స్వామినాథన్ చెప్పిన ధరనే, దానికి చట్టం అండనే. వాళ్ళను హర్యానా సరిహద్దులో ఆపేశారు.

కొత్త కర్మాగారం, పాత వరస

రామగుండంలో పాత కర్మాగారం స్థలంలోనే కొత్తది లేచింది. 2015లో రామగుండం ఫెర్టిలైజర్స్ సంస్థ పుట్టింది. తెలంగాణ ప్రభుత్వానికీ అందులో వాటా ఉంది. 2021 మార్చి 22న ఉత్పత్తి మొదలైంది, 2022 నవంబరు 12న ప్రధాని నరేంద్ర మోదీ రామగుండం వచ్చి జాతికి అంకితం చేశారు. ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. ఇప్పుడు బొగ్గుతో పనిలేదు, గోదావరి జిల్లాల వైపు నుంచి గొట్టంలో వచ్చే సహజవాయువుతో నడుస్తుంది.

అయినా 2025 వానాకాలంలో తెలంగాణ రైతులు యూరియా కోసం తెల్లవారకముందే దుకాణాల ముందు వరస కట్టారు. మనిషి నిలబడలేక చెప్పులు పెట్టి, పట్టాదారు పాసుపుస్తకాలు పెట్టి వరస కాపాడుకున్నారు. ఆ సీజన్‌లో రామగుండం కర్మాగారం కూడా సాంకేతిక ఇబ్బందులతో ఆగింది. మన ఎంపీలు పార్లమెంటు ఆవరణలో యూరియా కోసం నిరసన తెలిపారు. ధర 266 రూపాయలే. సరుకు లేనప్పుడు ఆ ధర ఎవరికి ఉపయోగం?

1991 నుంచి ఇప్పటిదాకా చూస్తే నాకు కనిపించేది ఇది. 1991లో సభ ఎరువు ధర మీద గట్టిగా వాదించింది, తప్పో ఒప్పో ఒక నిర్ణయం తీసుకుంది, ప్రభుత్వాన్ని ఒప్పించింది. ఆ వాదన చేదుగానే ఉంది. కానీ 2012 తర్వాత ప్రభుత్వాలు యూరియా ధరను కదపడానికే భయపడి దాన్ని చర్చకు రానివ్వలేదు. మద్దతు ధర మంత్రివర్గం పత్రికా ప్రకటనగా మారింది. వ్యవసాయ చట్టాలు మూజువాణిలో వచ్చి మూజువాణిలోనే పోయాయి. సన్మానాల విషయంలో మాత్రం సభలు ఎన్నడూ తడబడలేదు. కష్టజీవులను మెచ్చుకోవడం సులువు, అందరూ ఒప్పుకుంటారు. ధర కట్టడం కష్టం, ఎవరో ఒకరు భరించాలి. ఎవరు భరించాలో తేల్చడానికే చట్టసభ ఉంది.

అందుకే వానాకాలం విత్తనాలకు ముందే మద్దతు ధర మీద, ఎరువుల ధరల మీద పార్లమెంటులో పూర్తి చర్చ జరగాలి. కొనుగోలు కేంద్రాల తేమ, తరుగు, కాంటా లెక్కల మీద శాసనసభలో ఏటా నివేదిక రావాలి. సింగరేణి కార్మికుడికి లాభంలో వాటా ఏ సభలో ప్రకటించారో, అదే సభలో రైతు వడ్ల లెక్క కూడా అంకెలతో సహా వినిపించాలి. ఆ రోజు సభ చేసే ప్రశంసకు నిజమైన బరువు వస్తుంది.

(వచ్చే భాగంలో: 1999–2000లో పది శాతంతో మొదలైన సింగరేణి లాభాల వాటా, దాని వెనక కార్మిక సంఘాల పోరాటం.)